స్కేలు ఎటు పెట్టాలి?

అధ్యక్షులకు, నిర్వాహకులకు, యువ పరిశోధకులకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ కురిపించిన పొగడ్తల్లో సగం తీసేయండి. మిగతా సగం నాతో ఏళ్లపాటు పనిచేసిన సిరంజి పంపుకు చెందాలి. నాకిచ్చిన అంశం, కాలేయంలో రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్‌ను సెలైన్‌తో మెరుగుపరచడం, అంటే కణితిని కరెంటు వేడితో కాల్చే పద్ధతికి ఉప్పునీటి సాయం. ఆ ‘మెరుగు’ అన్న మాటతోనే నాకు పేచీ.

మూలసూత్రం మీకు తెలిసిందే కనుక త్వరగా దాటేస్తాను. కణితిలోకి సూది దింపి, సెకనుకు సుమారు 5 లక్షల సార్లు అటు వెళ్లి ఇటు తిరిగొచ్చే కరెంటు పంపుతాం. సూది తనంతట తాను వేడెక్కదు. చుట్టూ ఉన్న కణజాలంలో అయాన్లు అటూ ఇటూ ఊగి వేడి పుడుతుంది. 60 డిగ్రీలు దాటితే కణాల్లోని ప్రొటీన్లు కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకడతాయి. 100 దాటితే కథ అడ్డం తిరుగుతుంది. నీరు ఆవిరవుతుంది, ఎండిన కణజాలం బొగ్గై సూదికి అంటుకుంటుంది, ఇంపీడెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే నిరోధం, ఎగబాకుతుంది, జనరేటర్ కరెంటు ఆపేస్తుంది. ఆత్రపడి శక్తి పెంచినవాడికి దక్కేది చిన్న కాల్పే, అంటే కాలిన భాగం చిన్నదే. 1990లో ఇటలీలో రోసీ, అమెరికాలో మెక్‌గహన్ బృందాలు విడివిడిగా కాలేయం మీద ఈ పద్ధతిని ప్రయత్నించాయి. అప్పటి మామూలు సూదితో కాలేది సుమారు 1.6 సెంటీమీటర్ల వ్యాసం. 2 సెంటీమీటర్ల కణితికి చుట్టూ కనీసం అర సెంటీమీటరు అంచు కలిపి చూడండి, లెక్క ఎక్కడ తెగుతుందో.

సెలైన్ అవసరం అక్కడ వచ్చింది. సూది కొస నుంచి ఉప్పునీరు సన్నగా ఊరుతూ ఉంటే కణజాలం ఎండదు, కరెంటుకు సులువైన దారి దొరుకుతుంది, వేడి నీటితోపాటు కొంత దూరం పాకుతుంది. 1997లో లివ్రాగి బృందం దీన్ని కాలేయానికి పాకిన కణితుల మీద వాడి ప్రచురించింది. ఉప్పు గాఢత పెంచితే దారి ఇంకా సులువవుతుంది. మరీ పెంచితే నిరోధం ఎంత పడిపోతుందంటే, జనరేటర్ తన గరిష్ఠ కరెంటు ఇచ్చినా తగినంత వేడి పుట్టదు. ఉప్పెక్కువైతే కూరే కాదు, ప్రయోగమూ చెడుతుంది.

ఇక నా పేచీ. అప్పటికి నేను కొత్త. జంతువు కాలేయం ముక్కలో సూది గుచ్చి, సెలైన్ వదిలి, పన్నెండు నిమిషాలు కాల్చాం. సూదికి అడ్డంగా కోశాను. మధ్యలో గోధుమరంగు చుక్క, దాని చుట్టూ పాలిపోయిన వలయం, ఆ వలయం అంచున పలచటి ఎరుపు. పళ్లెంలో చందమామలా ఉంది! మా పెద్దాయన భుజం తట్టారు. రెండో ముక్కను, ఎందుకో, సూది వెంట నిలువుగా కోశాను. తెల్లటి ముద్దకు తోక ఉంది. అది సూది వెంటే పైకి పాకి, కాలేయం ఉపరితలం మీద చిటికెన వేలి గోరంత మచ్చై తేలింది. నీరు పల్లమెరుగు అంటారు. సెలైన్ మాత్రం సూది పక్క సందునే ఎరుగు.

“ఆ ముక్క ఫోటో వద్దు” అన్నారు పెద్దాయన. నేను సరేనన్నాను. దీనికి మన్నించమని అడగడం లేదు, జరిగింది చెబుతున్నాను.

ఇక్కడ ఎంతమంది సూది వెంట నిలువుగా కోసి చూశారు? చేతులెత్తండి... సరే, దించండి. వెనక వరుసవాళ్లు ఎత్తకపోవడం నాకు కనిపించింది.

పళ్లెంలో తోక వింతగా ఉంటుంది. రోగి ఒంట్లో ఆ తోక చివర పిత్తాశయమో పెద్దపేగో ఊపిరితిత్తుల కింది కండరం డయాఫ్రమో ఉండవచ్చు. ఇంకోవైపు, 3 మిల్లీమీటర్లకు మించిన రక్తనాళం పక్కనే ఉంటే, పారే రక్తం వేడిని మోసుకుపోయి అక్కడ కాల్పును నొక్కేస్తుంది. అంటే ఒకవైపు తోక, మరోవైపు సొట్ట. మనం మాత్రం అన్నిటికన్నా పొడవైన వ్యాసం కొలిచి, అదే పట్టికలో వేసి, మెరుగు అంటున్నాం. కణితి బతికి బయటపడేది సొట్ట దగ్గర కదా!

సెలైన్‌కు నేను వ్యతిరేకిని కాను. లోపల చల్లని నీరు తిరిగే సూదికి సెలైన్‌ను జతచేసి, ధారను నెమ్మదిగా ఉంచి, పంపు వేగాన్ని ఇంపీడెన్స్ చూసి సర్దితే కాల్పు గుండ్రదనం కుదురుతుంది, నేను చూశాను. కానీ ఎంత కుదిరిందో చెప్పాలంటే కాల్పుకు అన్నిటికన్నా చిన్న వ్యాసం ఎంతో కొలిచి రాయాలి, తోక పొడవు రాయాలి, పంపులోంచి వెళ్లిన మిల్లీలీటర్లు రాయాలి.

లైట్లు కాస్త తగ్గించండి. తెర మీద ఉన్నది ఆ రెండో ముక్కే. ఫోటో తీయనే తీశాను, పట్టికలోకే పోలేదు. ఎడమవైపు స్కేలు ఉంది, సున్నా కింద ఉంది. తోక ఎంత పొడవో మీరే చదవండి.