జింక వేటకు తగిన కాలిబర్ ఏది?

శ్రోతలకు నమస్కారం. పోలీసు సాయుధ విభాగంలో ముప్పై సంవత్సరాలు ఆర్మరర్‌గా, అంటే తుపాకులను విప్పి, శుభ్రపరచి, మరమ్మతు చేసి, గురి సరిచూసే పనిలో గడిపి, ఇప్పుడు నెల్లూరులో విశ్రాంతిగా ఉంటున్నాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు కిందటి సంవత్సరం ఫోను చేసి, "మామయ్యా, ఇక్కడ జింకల వేటకు లైసెన్సు ఇస్తారు. నేనూ తీసుకోవాలనుకుంటున్నాను. ఏ కాలిబర్ రైఫిల్ కొనమంటారు?" అని అడిగాడు. అతనికి చెప్పిన సమాధానమే ఈనాటి ప్రసంగం.

అయితే ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడడం నేరం. వెలిగొండల దుప్పి అయినా, నల్లమల కణితి అయినా, ఊరి బీళ్లలో మేసే కృష్ణజింక అయినా అంతే. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉంది కాబట్టి, దానిని చంపినవారికి మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది. నేను చెప్పబోయే లెక్కలన్నీ వేటను చట్టం అనుమతించిన దేశాలకు సంబంధించినవి.

కాలిబర్ అంటే తుపాకి గొట్టం లోపలి వ్యాసం. దానికి తగినట్టే గుండు లావు ఉంటుంది. మా శాఖలో చాలాకాలం వాడిన త్రీ నాట్ త్రీ పేరు అలా అంగుళం కొలతలో వచ్చినదే. జింక వేటలో ఎక్కువగా వినిపించే పాయింట్ 243, పాయింట్ 308 తూటాలను పక్కపక్కన అరచేతిలో పెట్టుకుని చూస్తే, తుపాకి మందు నింపే ఇత్తడి గుల్లలు రెండూ ఒకే ఒడ్డూపొడుగుతో అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, మెడ దగ్గరే తేడా. నిజానికి వించెస్టర్ సంస్థ 1952లో వచ్చిన 308 గుల్ల మెడనే సన్నగా నొక్కి, 1955లో 243ను తెచ్చింది. 243లో గుండు సాధారణంగా ఆరున్నర గ్రాములు, 308లో సుమారు తొమ్మిదిన్నర గ్రాములు ఉంటుంది. 1906 నుంచి వాడుకలో ఉన్న థర్టీ ఆట్ సిక్స్ తూటా వీటికంటే పొడవైన గుల్లతో, మరింత మందుతో, మరింత గట్టిగా భుజాన్ని తన్నుతుంది.

ఇంత శక్తి జింకకు అవసరమా? ఇంగ్లండు, వేల్సులలో 1991 నాటి జింకల చట్టం పెద్ద జాతులకు అంగుళంలో పాయింట్ 240కి తగ్గని కాలిబర్‌ను, గొట్టం చివర 2305 జౌళ్లకు తగ్గని శక్తిని కోరుతుంది. 243 తూటా ఆ హద్దును దాటుతుంది. అదే చట్టం గుండు శరీరంలో విచ్చుకునేదై ఉండాలని కూడా అంటుంది, నా దృష్టిలో కాలిబర్ కంటే ఈ షరతే ముఖ్యం. సైనిక అవసరాలకు చేసే, పూర్తి లోహపు తొడుగు గల గుండు దబ్బనంలా దూసుకుపోయి సన్నని రంధ్రం మాత్రమే మిగులుస్తుంది, జింక మైళ్ల కొద్దీ పరుగెత్తి ఏ పొదలోనో ప్రాణం విడుస్తుంది. మెత్తని కొన గల గుండు లోపల పుట్టగొడుగులా విచ్చుకుని, గుండెకు, ఊపిరితిత్తులకు తగిలితే క్షణాలలో పని ముగిస్తుంది. ఆ అవయవాలు ఉండే చోటు, ముంగాలి జబ్బ వెనుక, చిన్న పళ్లెమంత మాత్రమే.

ఆ పళ్లెం తప్పితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. వెలిగొండల అంచున, ఒక కుంట గట్టు మీద, నాటు తుపాకి రవ్వలు వెనుక తొడలో దిగిన దుప్పి పడి ఉంది. పుండు మీద ఈగలు ముసిరి ఉన్నాయి, నీళ్లకు జానెడు దూరంలో మూతి ఆనించి, లేవలేక, మమ్మల్ని చూసి చెవులు మాత్రం కదిలించింది. కాల్చినవాడు ఎవరో తెలియలేదు. అది ఎన్ని రోజులు అలా ఈడ్చుకుంటూ తిరిగిందో కూడా తెలియలేదు. అందుకే మా మేనల్లుడితో శక్తి గురించి కాక, గురి గురించే ఎక్కువసేపు మాట్లాడాను.

గురిని చెడగొట్టేది తన్ను భయం. కొత్త కానిస్టేబుళ్ల శిక్షణలో మేము వారికి తెలియకుండా మ్యాగజీనులో ఒక డమ్మీ రౌండు కలిపేవాళ్లం. ట్రిగ్గర్ నొక్కగానే పేలుడు లేకపోయినా, రాబోయే దెబ్బకు శరీరం ముందే బిగుసుకుని గొట్టం కొన కిందికి వంగేది. నూరు గజాల అవతల ఆ వంపు అడుగు దూరం గురి తప్పించగలదు. థర్టీ ఆట్ సిక్స్ తన్ను 243 తన్నుకు దాదాపు రెట్టింపు కాబట్టి, మొదటిసారి రైఫిల్ పట్టేవాడు పెద్ద కాలిబర్ కొంటే జింకకు మేలు కాదు, కీడే. బలిష్ఠమైన ఎల్క్ అనే పెద్ద జింక జాతికి 308 గానీ అంతకు పెద్దది గానీ కావాలి. అతను వేటాడబోయే తెల్లతోక జింకకు, నూటయాభై గజాలలోపు, 243 చాలు.

అతను 243నే కొన్నాడు. మొన్న నూరు గజాల దూరంలో కాల్చిన కాగితపు గురి ఫోటో పంపాడు: ఐదు రంధ్రాలు నాలుగు వేళ్ల వెడల్పులో ఉన్నాయి, ఆరవది మాత్రం కిందికి, ఎడమకు జారింది. ఆ ఆరవదాన్ని చూసి, ఇంకో నెల కాగితం మీదే కాల్చమని చెప్పాను.