ఒకే పేరు, ఇందరు సుబ్బారావులు

అందరికీ నమస్కారం. ఈ పూట నేను మాట్లాడబోయేది సుబ్బారావుల గురించి. నవ్వండి, ఫర్వాలేదు, విషయం చెప్పగానే నిర్వాహకులూ ఇలాగే నవ్వారు. కానీ కవిత్వం, వైద్యశాస్త్రం, సంగీతం, పురావస్తు శాస్త్రం, వేదాంతం, మీరు ఏ తలుపు తట్టినా లోపల ఒక సుబ్బారావు కూర్చుని ఉంటాడు, ఒక్కోచోట ఇద్దరు ముగ్గురు కూడా ఉంటారు. వాళ్ళను ఒకరి నుంచి ఒకరిని విడదీయడం మనం అనుకున్నంత తేలిక కాదు. ఈ చిక్కు వాళ్ళ పేరు వల్ల వచ్చింది కాదనీ, ఆ పేరును మనం రాసే తీరు వల్ల వచ్చిందనీ నా అభిప్రాయం.

ముందు ‘ఎన్. సుబ్బారావు’ అనే పేరు తీసుకుందాం. పాత ఇంగ్లిషు కాగితాల్లో ఈ పేరు కనబడితే ఎవరనుకోవాలి? న్యాపతి సుబ్బారావు పంతులు కావచ్చు. ఆయన 1856లో పుట్టారు. 1878లో మద్రాసులో ‘ది హిందూ’ పత్రిక మొదలుపెట్టిన ఆరుగురు యువకుల్లో ఒకరు. తర్వాత రాజమండ్రిలో పేరున్న వకీలయ్యారు, ‘చింతామణి’ పత్రిక వెనక నిలబడి తెలుగు నవలలకు పోటీలు పెట్టించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు నవలాకారుడిగా పైకి రావడంలో ఆ పోటీలకు పెద్ద వాటాయే ఉంది. లేదా నండూరి సుబ్బారావు కావచ్చు, 1895లో పుట్టిన కవి, ఎంకినీ నాయుడుబావనూ మనకిచ్చినాయన. అదీ కాకపోతే నాయని సుబ్బారావు, 1899లో పుట్టిన మరో కవి, ఆయనా భావకవే, ఆయనవీ ప్రేమ కవితలే! నండూరి వారి ఎంకి పాటలకూ నాయని వారి ‘సౌభద్రుని ప్రణయయాత్ర’కూ పోలికే లేదు, భాషలో గానీ నడకలో గానీ. ఒకటి పల్లె మాటల పాట, రెండోది చదువుకున్న కుర్రవాడి ప్రేమ వేదన. అయినా ఇంగ్లిషులో పొడి అక్షరం పెట్టిన మరుక్షణం ముగ్గురూ ఒకే మనిషైపోతారు.

తెలుగులో ఈ ఇబ్బంది లేదు, గమనించారా? న్యాపతి, నండూరి, నాయని అనగానే ముగ్గురూ ఎవరికి వారే. మన దగ్గర మనిషిని గుర్తుపట్టించే పని ఇంటిపేరు చేస్తుంది. పిలిచే పేరు దాదాపు ఊరందరిదీ. తాతపేరు మనవడికి పెడతాం, ఇలవేల్పు పేరు పిల్లలందరికీ పెడతాం, అందుకని పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ, ఆ లోటును ఇంటిపేరు తీరుస్తుంది. ఇంత చక్కటి ఏర్పాటును ఇంగ్లిషు చదువులు వచ్చాక మనమే తలకిందులు చేసుకున్నాం. గుర్తుపట్టించే మాటను ఒక్క అక్షరానికి కుదించి, అందరికీ ఉండే పేరును మాత్రం పూర్తిగా రాయడం మొదలుపెట్టాం. అంటే పనికొచ్చే సమాచారం పారేసి పనికిరానిది దాచుకున్నట్టు.

ఇంటిపేరు ఒక్కటే ఉంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. నండూరి అంటే కొందరికి ఎంకి పాటలు, ఇంకొందరికి ‘నరావతారం’, ‘విశ్వరూపం’ రాసిన సంపాదకుడు నండూరి రామమోహనరావు. రెండూ కలిస్తేనే మనిషి.

సరే, అసలు కథానాయకుడి దగ్గరకు వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లోనే పుట్టారు, భీమవరంలో. నండూరి వారిదీ అదే ఏడు. ఒక సుబ్బారావు ఎంకిని సృష్టిస్తే ఇంకో సుబ్బారావు అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఇప్పటికీ ‘ఫిస్కే–సుబ్బారో’ అనే అంటారు. తర్వాత అదే ఫిస్కేతో, మన ఒంట్లో కణాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పని. ఆ తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగానికి నాయకత్వం. ఫోలిక్ యాసిడ్ తయారీ, దాన్ని అడ్డుకునే మందులతో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాకు (రక్త క్యాన్సరుకు) చేసిన వైద్యం, బోదకాలు జబ్బుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, వీటన్నిటి వెనకా ఆయన బృందమే ఉంది. 1948లో పోయారు.

ఇంత చేసిన మనిషి అక్కడి కాగితాల్లో ఏమయ్యారు? ‘వై. సుబ్బారో’. వాళ్ళ పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరు కాబట్టి సుబ్బారావు ఇంటిపేరైంది, యల్లాప్రగడ ఒక ‘వై’గా మిగిలింది. ఆయన పేరు మీద ఒక బూజు జాతికి ‘సుబ్బారోమైసిస్’ అని పేరు పెట్టారు, అందులోనూ యల్లాప్రగడ లేదు. వృక్షశాస్త్రం లెక్కన చూస్తే ఆ గౌరవం సుబ్బారావులందరికీ సమానంగా దక్కిందనుకోవచ్చు! ఫలితం ఏమిటంటే, ఇంగ్లిషు సూచికల్లో ఆయన్ని ‘ఎస్’ కింద వెతకాలి, తెలుగు సూచికల్లో ‘య’ కింద. రెండు భాషల్లోనూ వెతికే కుర్రాడికి ఆ రెండూ ఒకే మనిషని ఎవరూ చెప్పరు.

స్పెల్లింగు గొడవ వేరే. రావుకు చివర ‘ఓ’ పెట్టేవాళ్ళున్నారు, ‘ఓడబ్ల్యూ’ పెట్టేవాళ్ళున్నారు, సుబ్బాకూ రావుకూ మధ్య ఖాళీ వదిలేవాళ్ళు, వదలనివాళ్ళు, యల్లాప్రగడ వారిలా ఖాళీ లేకుండా మధ్యలో పెద్ద అక్షరం పెట్టేవాళ్ళు. ‘రో’ రాతకు ఇంకో పెద్ద ఉదాహరణ తల్లాప్రగడ సుబ్బారావు. ఈయన కాకినాడలో 1856లో పుట్టారు, న్యాపతి వారు పుట్టిన ఏడే (ఈ జంటలు నేను కావాలని ఏరలేదు, తారీఖులు వరసగా రాసుకుంటే వాటంతటవే బయటపడ్డాయి). మద్రాసులో వకీలు, దివ్యజ్ఞాన సమాజం స్థాపకులు బ్లావట్‌స్కీ, ఆల్కాట్‌లు తలవంచి విన్న పండితుడు. 1886 చివర అడయారులో భగవద్గీత మీద ఉపన్యాసాలిచ్చారు, 1890లో 33 ఏళ్ళకే పోయారు. తల్లాప్రగడ, యల్లాప్రగడ, పక్కపక్కన పెడితే తెలుగువాళ్ళమే తడబడతాం, ఇక టి. సుబ్బారో, వై. సుబ్బారో అని రాసి బయటివాళ్ళ ముందు పెడితే ఏం చేస్తారు పాపం.

ఇంకో జంట చెబుతాను, నాకు బాగా ఇష్టమైనది. బి. సుబ్బారావు. ఈ పేరుతో గ్రంథాలయంలో వెతికితే ఒక పక్క ‘రాగనిధి’ అనే సంపుటాలు వస్తాయి, కర్ణాటక, హిందుస్తానీ రాగాల స్వరూపాలు ఒకచోట చేర్చిన పెద్ద పని. ఇంకో పక్క 1950లలో వచ్చిన ‘పర్సనాలిటీ ఆఫ్ ఇండియా’ అనే పుస్తకం వస్తుంది, భారతదేశపు నేల, నదులు, దారులు మన పూర్వ చరిత్రను ఎలా మలిచాయో చెప్పే పురావస్తు గ్రంథం. రెండోది రాసినాయన బెండపూడి సుబ్బారావు, బరోడా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. మొదటాయన వేరు, మైసూరు వైపు వారు. రాగాలు తెలిసిన మనిషే తవ్వకాలూ జరిపాడని ఎవరైనా పొగిడితే ఆశ్చర్యపోను. అలాంటి సవ్యసాచులు మన దగ్గర నిజంగానే ఉన్నారు కాబట్టి అనుమానం కూడా రాదు, అదే అసలు ప్రమాదం.

ఈ గుంపులో నుంచి తెలివిగా తప్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. శివరాజు వెంకట సుబ్బారావు అంటే మీలో ఎంతమంది గుర్తుపడతారు? బుచ్చిబాబు గారు. ‘చివరకు మిగిలేది’ నవలాకారుడు, ఆకాశవాణి ఉద్యోగి, పైగా చిత్రకారుడు. కలం పేరు పెట్టుకోవడమంటే కొందరికి సరదా, కొందరికి ముసుగు, కానీ సుబ్బారావులు ఇంతమంది ఉన్న కాలంలో అది అవసరం కూడా. రాయప్రోలు సుబ్బారావు అప్పటికే పేరు మోసిన కవి, 1892లో పుట్టి నవ్యకవిత్వానికి దారి వేసి ఉస్మానియాలో తెలుగు చెప్పినాయన, నండూరి వారున్నారు, నాయని వారున్నారు, ఇంకో సుబ్బారావుకు చోటెక్కడ? కన్నడంలో ఇదే పని పొడి అక్షరాలతో చేశారు: తళుకు రామస్వామయ్య సుబ్బారావు అక్కడ ‘తరాసు’ అయిపోయారు, చిత్రదుర్గ చరిత్ర మీద నవలలు రాసినాయన. పొడి అక్షరాలను చుక్కలు తీసేసి ఒక మాటగా పలికితే అది మళ్ళీ పేరవుతుంది చూడండి, శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయినట్టు. వాళ్ళకున్న ఈ ఉపాయం మన పరిశోధకులకు లేకపోయింది. ‘బుచ్చిబాబు’ అని సంతకం పెట్టి ఏటీపీ మీద వ్యాసం పంపిస్తే ఏ పత్రికా వేసుకోదు కదా.

ఆడవాళ్ళ ప్రస్తావన లేదేమిటని అడుగుతారేమో. పేరు అలాంటిది మరి. సుబ్బలక్ష్మి అని తీసుకుంటే ఇంకో ప్రసంగం అవుతుంది, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి పొడి అక్షరాల్లో మొదటిది మదురై ఊరు, రెండోది ఆవిడ తల్లి షణ్ముఖవడివు. తమిళ పొడి అక్షరం ఒక కథ చెబుతుంది, తెలుగు పొడి అక్షరం ఇంకో కథ, వాటిని ఒకే గాట కట్టి చదవడం వల్ల వచ్చే తప్పులు అన్నీ ఇన్నీ కావు.

ఇవి మనకే వచ్చిన తిప్పలు కావు. గ్రీకుల కాలంలోనే, క్రీస్తుకు ముందు ఒకటో శతాబ్దంలో, మెగ్నీషియా ఊరి డెమిట్రియస్ అనే ఆయన ‘ఒకే పేరున్న కవులు, రచయితలు’ అని ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. ఆ గ్రంథం పోయింది. కానీ మూడో శతాబ్దంలో తత్త్వవేత్తల జీవితాలు రాసిన డయోజెనిస్ లయర్షియస్ దాన్ని బాగా వాడుకున్నాడు. చాలా జీవితాల చివర ‘ఈ పేరుతో ఇంకా ఫలానావాళ్ళున్నారు’ అని ఒక ముక్క చేరుస్తాడు. థేలీస్ పేరుతో ఇంకో అయిదుగురు, అందులో ఒక చిత్రకారుడు. సోక్రటీస్ పేరుతో ఒక చరిత్రకారుడు, ఒక కవి. డెమిట్రియస్ దగ్గరకొచ్చేసరికి చెప్పుకోదగ్గవాళ్ళే ఇరవై మంది తేలారు! వాళ్ళలో వక్తలు, వ్యాకరణవేత్తలు, కవులు, శిల్పి, అందరూ ఉన్నారు, ఒకాయనకైతే ‘ద్రాక్షసారా జాడీ’ అని ఎకసెక్కపు పేరు కూడా. ఒకే పేరున్నవాళ్ళ జాబితా రాయాలన్న బుద్ధి ఒక డెమిట్రియస్‌కు పుట్టడంలో నాకైతే వింతేమీ లేదు. ఎన్నిసార్లు పొరబడి ఉంటారో ఆయన్ని!

మన పక్షాన ఇలా పలువురు పంచుకున్న పేరు ఏదంటే భాస్కరుడు. క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి భాష్యం రాసిన భాస్కరుడు ఒకరు, 1114లో పుట్టి లీలావతి రాసిన భాస్కరుడు ఇంకొకరు. చరిత్రకారులు వాళ్ళకు రాజుల్లాగా ఒకటి, రెండు అని అంకెలు వేశారు, ఇస్రో కూడా 1979లో, 1981లో పంపిన ఉపగ్రహాలకు అలాగే భాస్కర–1, భాస్కర–2 అని పెట్టి లెక్క సరిచేసింది. తెలుగు రామాయణంలో హుళక్కి భాస్కరుడు మళ్ళీ వేరు. భాస్కర శతకంలో భాస్కరుడైతే అసలు రచయితే కాడు, మకుటం. దానికి తలకిందుల కథ ఆర్యభటుడిది: పదకొండో శతాబ్దపు పండితుడు అల్‌బిరూనీ ఒక్క ఆర్యభటుణ్ణి ఇద్దరనుకున్నాడు, ఆ ఇద్దరూ ఒకరేనని 1926లో విభూతిభూషణ్ దత్తా తేల్చేదాకా ఆ గందరగోళం సాగింది. ఇద్దర్ని ఒకరిగా కలిపితే విడదీయడం కొంత నయం, ఒకర్ని ఇద్దరు చేస్తే అతికించడానికి తొమ్మిది వందల ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు పరిశోధకులకు ఓర్కిడ్ అని పదహారు అంకెల గుర్తింపు ఉంది, 2012లో వచ్చింది. మంచిదే, బతికున్నవాళ్ళు తీసుకోవచ్చు. న్యాపతి వారు వచ్చి దరఖాస్తు పెట్టుకోలేరు కదా. పోయినవాళ్ళ పని గ్రంథాలయాలదే, వ్యాసాలు రాసే మనదే. నేను అడిగేది పెద్దదేం కాదు. వ్యాసంలో మొదటిసారి పేరు వచ్చినప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయండి, బ్రాకెట్లో పుట్టిన, పోయిన సంవత్సరాలు వేయండి, కలం పేరుంటే అసలు పేరూ ఒకసారి చెప్పండి. ఇంగ్లిషులో రాసినా సరే, ‘వై’ దగ్గర ఆగకుండా యల్లాప్రగడ అని మొత్తం రాయండి, అక్షరాలు ఎక్కువవుతాయని ఎడిటర్ గొణిగితే గొణగనీయండి. పాత పుస్తకాల అట్టల మీద ఇంటిపేరు లేకపోతే ముందుమాటల్లో, అంకితాల్లో వెతకండి, చాలాసార్లు అక్కడ దొరుకుతుంది.

న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారినీ, రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన దువ్వూరి సుబ్బారావు గారినీ నేను కావాలనే వదిలేశాను, వాళ్ళను కూడా కలిపితే ఈ సభ రాత్రికి గానీ ముగియదు. ప్రశ్నలుంటే అడగండి, మీలో సుబ్బారావులు ఎవరైనా ఉంటే మొదటి ప్రశ్న వాళ్ళదే, కాకపోతే ఇంటిపేరుతో సహా చెప్పాలి.