గడ్డిపోచ కాదు, కత్తి అంచు: లీనో బ్రోకా ‘బాయాన్ కో’ రివ్యూ

నమస్కారం. మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమే అంటాం మనం. ఫిలిప్పీన్స్‌లో తగలోగ్ మాట్లాడేవాళ్లకు కూడా దాదాపు ఇలాంటి సామెతే ఉంది. కాకపోతే అందులో గడ్డిపోచ ఉండదు. ఇరుకున పడ్డవాడు కత్తి అంచునైనా పట్టుకుంటాడు అంటారు వాళ్లు. పట్టుకుంటే చెయ్యి తెగుతుంది, వదిలేస్తే మనిషే పోతాడు. ఆ సామెతలోంచి వచ్చిన పేరు ‘కపిట్ సా పతాలిమ్’. దాని ముందు ‘బాయాన్ కో’, అంటే ‘నా దేశం’ అనే మాట చేర్చారు. 1984లో కాన్ చిత్రోత్సవంలో ప్రధాన పోటీకి వెళ్లిన సినిమా ఇది. దర్శకుడు లీనో బ్రోకా, రచయిత హోసే లకాబా, కెమెరా కొన్రాడో బల్తజార్.

బాయాన్ కో అనేది అక్కడ ఒక పాట పేరు కూడా. నియంత మార్కోస్ పాలనలో ఆ పాట నలుగురిలో పాడితే ఇబ్బందుల్లో పడేవాళ్లు. 1983 ఆగస్టు 21న ప్రతిపక్ష నాయకుడు నినోయ్ అకీనోను మనీలా విమానాశ్రయంలో కాల్చి చంపాక, వీధివీధినా వినిపించింది ఆ పాటే. అంటే టైటిల్ కార్డు పడగానే అక్కడి ప్రేక్షకుడికి సినిమా ఎటువైపు నిలబడిందో తెలిసిపోతుంది.

నిరసన సినిమా అనగానే జెండాలు, పిడికిళ్లు, ఊరేగింపులు గుర్తొస్తాయి. ఇందులోనూ నిజమైన ఊరేగింపుల దృశ్యాలు ఉన్నాయి. కానీ ఈ సినిమా బలం వాటిలో లేదు, ఒక కాగితంలో ఉంది.

కథ చూడండి. తూరింగ్ ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కార్మికుడు. ఆ పాత్ర ఫిలిప్ సాల్వడార్‌ది. భార్య లూస్, అంటే జీనా అలహార్, కూడా అక్కడే పని చేస్తుంది. ఆమె గర్భవతి, ఆరోగ్యం బాగాలేదు, విశ్రాంతి కావాలి. అంటే ఖర్చు పెరిగే రోజుల్లోనే ఒక జీతం ఆగిపోతుంది. తూరింగ్ యజమానిని అడ్వాన్సు అడుగుతాడు. ఇస్తానంటాడు యజమాని, కానీ యూనియన్‌లో చేరనని రాసి సంతకం పెట్టమంటాడు. తూరింగ్ పెడతాడు. కొన్నాళ్లకు తోటివాళ్లు యూనియన్ పెట్టి సమ్మెకు దిగుతారు. సంతకం పెట్టినవాడు లోపలే ఉండిపోతాడు. నిన్నటిదాకా కలిసి తిన్నవాళ్ల కళ్లకు యాజమాన్యం మనిషైపోతాడు. ఇంతలో కాన్పు అవుతుంది. బిల్లు కట్టేదాకా తల్లినీ బిడ్డనూ ఆస్పత్రి పంపించదు. అక్కడి నుంచి అతను నేరం వైపు ఎలా జారిపోతాడన్నది సినిమా. ముగింపు చెప్పం, చూడండి.

ఇందులో విలన్ అరవడు, కొరడా పట్టడు. ఒక సంతకం, ఒక బిల్లు, అంతే. ఆ రెండూ అప్పటి ఫిలిప్పీన్స్‌లో గాలిలోంచి పుట్టినవి కావు. 1983 చివరికి దేశం విదేశీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 1984లో ధరలు దాదాపు 50 శాతం పెరిగాయి. జీతాలు ఆ వేగాన్ని అందుకోలేదు. అలాంటి ఏడాది అడ్వాన్సు అడగని కార్మికుడు ఉండడు.

ఇంకో సంగతి. యూనియన్‌లో చేరకూడదనే షరతు మీద ఉద్యోగం ఇవ్వడం 1974 నాటి వాళ్ల లేబర్ కోడ్‌లోనే తప్పు. లకాబా స్క్రిప్టు ఎంత సూక్ష్మంగా ఉందంటే, ఆ షరతును ఉద్యోగానికి కాకుండా అప్పుకు ముడిపెట్టాడు. చట్టం ఉందని తూరింగ్‌కు చెప్పేవాళ్లు లేరు, చెప్పినా ఆ రోజు అతనికి డబ్బు కావాలి. ఇక బిల్లు కట్టలేదని రోగిని ఆస్పత్రిలో ఆపేయడాన్ని ఫిలిప్పీన్స్ చట్టం చేసి నిషేధించింది ఎప్పుడనుకున్నారు? 2007లో, రిపబ్లిక్ యాక్ట్ 9439 ద్వారా. సినిమా వచ్చిన 23 ఏళ్లకు.

లకాబా పత్రికా రచయిత, కవి. మార్కోస్ విధించిన సైనిక శాసనం కింద దాదాపు రెండేళ్లు జైల్లో ఉన్నాడు. తమ్ముడు ఇమ్మాన్యుయెల్‌ను 1976లో చంపేశారు. అంత జరిగినవాడు రాసిన స్క్రిప్టులో ఉపన్యాసం ఇంత తక్కువగా ఉండటం గమనించండి. రిపోర్టరు అలవాటు అది. ఎవరు, ఎంత, ఎప్పుడు, ఏ షరతు మీద అన్నవి సరిగ్గా చెబితే కోపం చూసేవాడికి దానంతటదే వస్తుంది.

1984లోనే లకాబా పనిచేసిన ఇంకో సినిమా ఉంది, మైక్ డి లియోన్ తీసిన ‘సిస్టర్ స్టెల్లా ఎల్’. అందులో విల్మా శాంటోస్ సన్యాసిని, నూనె ఫ్యాక్టరీ సమ్మె చూసి క్రమంగా కార్మికుల పక్షాన నిలబడుతుంది. మంచి సినిమా, చాలామందికి అదే ఎక్కువ ఇష్టం. మాకు మాత్రం ‘బాయాన్ కో’ ఒక మెట్టు పైన. సన్యాసిని ధైర్యం చూసి చప్పట్లు కొడతాం. తూరింగ్ సంతకం చూసి మాత్రం మనమైతే ఏం చేసేవాళ్లమా అని ఆగిపోతాం.

లోపాలు లేవా? ఉన్నాయి. దోపిడీ మొదలయ్యాక సినిమా కార్మికుల్ని దాదాపు వదిలేస్తుంది. సమ్మె ఏమైంది, బయట కూర్చున్నవాళ్లు ఎలా బతికారు అన్నది వెనక్కి పోతుంది. మెలోడ్రామా కొన్నిచోట్ల శ్రుతి మించుతుంది. బ్రోకా వరసగా కమర్షియల్ సినిమాలు చేసి, ఆ పేరుతో, ఆ డబ్బుతో ఇలాంటిది ఒకటి తీసుకునేవాడు. ఆ వేగం మంచికీ చెడుకీ ఇందులో కనిపిస్తుంది. జీనా అలహార్ చేతిలో పడటం వల్లే లూస్ పాత్ర నిలబడింది. కాగితం మీద ఆ పాత్రకు బాధపడటం తప్ప ఇంకో పని తక్కువ.

ఇక ఊరేగింపుల దృశ్యాలకు వద్దాం. నిజమైన జనాన్ని కథలో కలపడం చూసినంత తేలిక కాదు. ముందు ఫిల్మ్ లెక్క. 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. భుజం మీద పెట్టుకునే కెమెరాకు 400 అడుగుల మ్యాగజైన్ (ఫిల్మ్ పెట్టె) అంటే నాలుగున్నర నిమిషాలే. ఆ తర్వాత మార్చాలి. పోలీసులు లాఠీ ఎత్తే క్షణం మీరు మ్యాగజైన్ మార్చే క్షణం కావచ్చు. అందుకే రెండో మ్యాగజైన్ ముందే లోడు చేసి ఉంచుతారు, సగం అయ్యాక ప్రతి షాటూ లెక్కపెట్టుకుంటారు. ఎవరైనా లాక్కుని మూత తెరిస్తే వెలుతురు తగిలి అంతా పోయినట్టే. 108 నిమిషాల ఈ సినిమా మొత్తం 9,700 అడుగుల పైచిలుకు, అంటే పెద్ద రీళ్లు ఐదు. దాన్ని దొంగచాటుగా దేశం దాటించి కాన్‌కు చేర్చారంటే, దాచి తీసుకెళ్లింది పెన్‌డ్రైవ్ కాదు, బరువైన ఇనుప డబ్బాలు.

ఇవాళ డిజిటల్‌లో తీసేవాళ్లకు ఫిల్మ్ ఖర్చు లేదు గానీ మిగతా చిక్కులన్నీ అలాగే ఉన్నాయి. ఎక్కువమంది పాడుచేసుకునేది శబ్దం. కెమెరా ఆటో గెయిన్‌లో, అంటే మైకు స్థాయిని తనే పెంచి తగ్గించుకునే పద్ధతిలో ఉంటే నినాదం ఆగిన ప్రతిసారీ వెనక హోరు పైకి లేస్తుంది, మళ్లీ నినాదం రాగానే పడిపోతుంది. ఎడిటింగ్‌లో ఏ రెండు ముక్కలూ అతకవు. గెయిన్ చేత్తో పెట్టి, పెద్ద నినాదం మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. మైకును లౌడ్‌స్పీకర్ హారన్‌కు ఎదురుగా పెట్టొద్దు, పక్కకు జరగండి. బొమ్మతో పని లేకుండా, ఆగకుండా రెండు నిమిషాల నినాదాలు, ఒక నిమిషం ఉత్త జనం చప్పుడు విడిగా రికార్డు చేసుకోండి. తర్వాత కథలోని నటుడి క్లోజప్‌ను వేరే రోజు, ఖాళీ గోడ ముందు, 15 మందితో తీసినా, ఆ శబ్దం కిందనుంచి వస్తే అతను ఆ జనంలోనే ఉన్నాడని నమ్ముతాం. నటుడికి రంగు తక్కువ చొక్కా వేయండి. బ్యానర్ల మీద తేదీలు ఉంటాయి, కథలో తేదీ వేరైతే అవి ఫ్రేములో పడకూడదు. మధ్యాహ్నం ఎండలో టోపీల కింద ముఖాలు నల్లబడతాయి. ఎక్స్‌పోజర్ ముఖానికి పెట్టండి, ఆకాశం తెల్లగా పోతే పోనివ్వండి.

ఇద్దరితో వెళ్లొద్దు, కనీసం ముగ్గురు. ఒకరు కెమెరా, ఒకరు శబ్దం, మూడోవారి పని వెనక్కి చూడటం ఒక్కటే. ఆ మూడోవారిని మానేసిన యూనిట్లే ఎక్కువగా చిక్కుకుంటాయి.

బొమ్మ దొరికాక అసలు పరీక్ష మొదలవుతుంది, బయటకు రావడం. ‘బాయాన్ కో’ను సెన్సార్ బోర్డు 1984 అక్టోబరులో పెద్దలకు మాత్రమే అని, పైగా కోతలతో అనుమతించింది. నిర్మాతలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే, 1985 జనవరి 28న, జీప్నీ డ్రైవర్ల సమ్మెకు మద్దతుగా వెళ్లిన బ్రోకాను అరెస్టు చేశారు. జీప్నీ అంటే మన షేర్ ఆటోలాంటి అక్కడి సామాన్యుడి బండి. 16 రోజులు లోపల ఉంచారు. కోతలు మాత్రం బోర్డు వెనక్కి తీసుకుంది. జూలై 22న తీర్పు వచ్చింది. సినిమాకు కూడా భావప్రకటన స్వేచ్ఛ ఉంది, స్పష్టమైన తక్షణ ప్రమాదం ఉంటే తప్ప అడ్డుకోకూడదు అంది కోర్టు. ఇంత చెప్పి పిటిషన్ కొట్టేసింది. ‘పెద్దలకు మాత్రమే’ అనడం బోర్డు అధికార దుర్వినియోగమని తేల్చడానికి చాలినన్ని ఓట్లు న్యాయమూర్తుల్లో రాలేదు. సూత్రం సినిమావాళ్లకు, సర్టిఫికెట్ బోర్డుకు.

ఆ తీర్పు వచ్చిన 75 రోజులకు, అక్టోబరు 5న, మార్కోస్ 1986 నంబరు డిక్రీ మీద సంతకం పెట్టాడు. ఇప్పటి సినిమా, టీవీ రివ్యూ బోర్డు దాంతోనే పుట్టింది. అందులో ఒక వాక్యం ఉంది: ప్రభుత్వం మీద, అధికారుల మీద ప్రజల నమ్మకాన్ని సడలించే సినిమాను ఆపవచ్చు. నియంత మరుసటి ఫిబ్రవరిలోనే దేశం వదిలి పారిపోయాడు. వాక్యం ఉండిపోయింది.

ఎంత బలంగా ఉండిపోయిందో 2024లో చూశాం. జే.ఎల్. బర్గోస్ డాక్యుమెంటరీ ‘అలిపాతో అట్ మువోగ్’ ఆ ఆగస్టులో సినిమలయా ఉత్సవంలో ఆడి ప్రత్యేక జ్యూరీ బహుమతి తెచ్చుకుంది. ఆ వెంటనే బోర్డు దానికి ఎక్స్ ఇచ్చింది, అంటే థియేటర్‌లో ఎక్కడా వెయ్యకూడదు. కారణంగా చూపింది అదే వాక్యం. నిరసనలు వచ్చాక రెండోసారి చూసి ఆర్-16కు, అంటే 16 ఏళ్లు నిండినవాళ్లు చూడవచ్చు అనే స్థాయికి దించారు.

ఆ సినిమా దర్శకుడి అన్న జోనస్ గురించి. రైతు సంఘంతో పనిచేసేవాడు. 2007 ఏప్రిల్ 28న కెసోన్ సిటీలో ఒక మాల్‌లో భోజనం చేస్తుండగా ఎత్తుకెళ్లారు. ఇక్కడా కథ ఒక చిన్న వివరం చుట్టూ తిరుగుతుంది. తీసుకెళ్లిన బండి నంబరు ప్లేటు. దాన్ని పట్టుకుని వెతికితే, అది బులకాన్‌లో సైన్యం 56వ బెటాలియన్ క్యాంపులో స్వాధీనంలో ఉన్న వేరే వాహనానిదని తేలింది. 2013లో అప్పీల్ కోర్టు ఈ అపహరణకు సైన్యాన్ని జవాబుదారీ చేసింది. ఏ నినాదమూ చెప్పలేనిది ఆ నంబరు చెప్పింది.

డాక్యుమెంటరీ తీసేవాళ్లు దీన్నుంచి పని నేర్చుకోవచ్చు. బండి, గేటు, బోర్డు ఏది దొరికినా ముందు చోటు తెలిసే వైడ్, ఆపకుండా అక్కడి నుంచే నంబరు దాకా, ఒకే షాట్. మధ్యలో కట్ పడితే ఆ నంబరు ఆ చోటుదే అని నిరూపించలేరు. ఒరిజినల్ ఫైలును ముట్టుకోకండి, చోటు వదిలే ముందే రెండు కాపీలు వేరువేరు మనుషుల దగ్గర ఉండాలి. సాక్షి ముఖం దాచాల్సి వస్తే పలచటి మొజాయిక్ చాలదు, పూర్తిగా కప్పేయండి, అదీ విడుదల చేసే కాపీలోనే. గొంతు గుర్తుపట్టేలా ఉంటే ముఖం దాచి లాభం లేదు, మాటల్ని ఇంకొకరితో చెప్పించండి.

ఏది ముందు చూడాలంటే ‘బాయాన్ కో’ ముందు. సబ్‌టైటిల్స్ సరిగ్గా ఉన్న కాపీ వెతుక్కోండి. నాసిరకం కాపీల్లో వెనక వినిపించే నినాదాలకూ పాటకూ అనువాదం ఉండదు, సగం సినిమా అక్కడే పోతుంది. చివరి అరగంటలో హింస ఉంది, పిల్లలతో కూర్చోవద్దు. సంతకం సీన్ మాత్రం ఒకసారి వెనక్కి తిప్పి, తూరింగ్‌ను కాకుండా యజమానిని చూడండి. ఎక్కడా గొంతు పెంచడు.