ఫోన్-ఇన్: వంపులో పడిపోయే పెట్టెలు, ఉప్పుగాలికి నల్లబడే పట్టాలు

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖపట్నం నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. ఈ రోజు విషయం, ఇంట్లో నడుపుకునే మోడల్ ప్యాసింజర్ రైళ్లు. మొదటి కాలర్ ఎంవీపీ కాలనీ నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (ఎంవీపీ కాలనీ): నమస్తే అండీ. మా బాబు ఏడో తరగతి. రైలు సెట్ కొనమంటున్నాడు. ఇంట్లో 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు బల్ల ఉంది. హెచ్‌ఓ అంటున్నారు, ఎన్ అంటున్నారు. ఏది తీసుకోవాలి?

నిపుణుడు: హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతమ్మా. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ అంటే 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. బాబుకి ఏ బండి ఇష్టం? గూడ్సా, ప్యాసింజరా?

కాలర్: గోదావరి ఎక్స్‌ప్రెస్ కావాలంటాడండీ.

నిపుణుడు: అక్కడే చిక్కు. మీ బల్ల మీద హెచ్‌ఓలో 371 మిల్లీమీటర్ల వ్యాసార్ధం వంపు పడుతుంది. చిన్న ఇంజను, నాలుగు చక్రాల గూడ్స్ డబ్బాలు అందులో తిరుగుతాయి. పొడవైన ప్యాసింజర్ పెట్టె తిరగదు, తిరిగినా మూలలు బయటికి పొడుచుకొచ్చి చూడ్డానికి బాగోదు. ఎన్ అయితే 282, 315 మిల్లీమీటర్ల వంపులతో రెండు లైన్లు హాయిగా పడతాయి, ఆరు పెట్టెలు తిప్పుకోవచ్చు. కానీ మన దేశపు బళ్ల మోడళ్లు ఎక్కువగా హెచ్‌ఓలో వస్తాయి. గోదావరే కావాలంటే బల్ల వదిలేయండి. గోడ వెంట 10 అడుగుల పొడవు, అడుగు వెడల్పు చెక్క వేసి, తిన్నటి లైను మీద ముందుకీ వెనక్కీ నడపండి. వంపే లేదు కాబట్టి ఏ పెట్టె అయినా నడుస్తుంది. ఏది కొన్నా ముందు పట్టా, తర్వాతే బండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. అనకాపల్లి నుంచి కాలర్. హలో?

కాలర్ (అనకాపల్లి): హలో... సార్, వినబడతందా?

వ్యాఖ్యాత: వినబడుతోంది. రేడియో సౌండు తగ్గించండి.

కాలర్: తగ్గించాను. ఏటంటే సార్, నాది హెచ్‌ఓ. 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్. ఎల్‌హెచ్‌బీ, అదే కొత్త రకం పొడవు పెట్టెలు, ఎనిమిది. మూడు కట్టి తిప్పితే బాగానే తిరిగింది. ఐదు కట్టినా పర్లేదు, ఒకట్రెండు సార్లు పడిందనుకోండి. ఇప్పుడు ఎనిమిదీ కడితే వంపులో పడిపోతన్నాయి. ఇంజను కొత్తది సార్. చక్రాలు తుడిచాను. మా బావమరిది ఇంజనుకి బరువు చాల్లేదన్నాడు, అందులో సీసం ముక్క పెట్టాను. అయినా అదే. ఇంజను మార్చేయాలా?

నిపుణుడు: ఇంజను జోలికి వెళ్లకండి. వంపు వ్యాసార్ధం ఎంత?

కాలర్: 18 అంగుళాలు సార్. ఫ్లెక్స్ ట్రాక్, అదే కావలసినట్టు వంచుకునే పట్టా, తెచ్చి నేనే వంచాను.

నిపుణుడు: అంటే 457 మిల్లీమీటర్లు. ఎల్‌హెచ్‌బీ పెట్టె హెచ్‌ఓలో 270 మిల్లీమీటర్ల పొడవు. పాత రకం ఐసీఎఫ్ పెట్టె అయితే 245. వంపు వ్యాసార్ధం పెట్టె పొడవుకి రెండు రెట్లన్నా ఉండాలి, రెండున్నర ఉంటే నమ్మకంగా తిరుగుతుంది, మూడుంటే ఏ గొడవా లేదు. మీది 1.7 రెట్లే. ఇప్పుడు చెప్పండి, పెట్టె లోపలి వైపు పడుతోందా, బయటి వైపా?

కాలర్: లోపలికే సార్. ఇంజను వెనక రెండోదో మూడోదో. కిటికీ వైపు వంపులో మరీ ఎక్కువ.

నిపుణుడు: మంచి గుర్తు చెప్పారు. వంపు తిరిగిన తాడుని కొసన పట్టి లాగితే ఏమవుతుంది? తిన్నగా అయిపోదామని లోపలికి జరుగుతుంది. బండీ అంతే. వెనక ఐదారు పెట్టెల బరువు, ముందు ఇంజను లాగుడు, మధ్యలో తేలిక పెట్టె ఉంటే అదే లోపలికి ఒరుగుతుంది. అందుకే మూడు పెట్టెలతో కనబడని తప్పు ఎనిమిదితో బయటపడింది. వెనక్కి నెట్టేటప్పుడు బయటికి పడితే అది వేరే సంగతి, అప్పుడు పెట్టెల్ని కలిపే కప్లింగులు చూడాలి. మీ పెట్టె ఒక్కోటి ఎంత తూగుతుంది?

కాలర్: తూచలేదు సార్.

నిపుణుడు: వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి. అమెరికా మోడలర్ల సంఘం లెక్క ఒకటుంది. హెచ్‌ఓ పెట్టెకి 28 గ్రాములు, పైన ప్రతి అంగుళానికి 14 గ్రాములు. మీ పెట్టెకి దాదాపు 180 గ్రాములు రావాలి. తక్కువైతే పెట్టె లోపల అడుగునే, రెండు చివర్ల చక్రాల పైన సమానంగా సీసం రేకు అంటించండి. పైకప్పు కింద పెడితే ఊగుతుంది. ఎనిమిదీ ఒకే బరువుకి తెండి. తేడా తప్పదంటే బరువైనవి ఇంజను పక్కన, తేలికవి చివర్న.

కాలర్: అయితే ఇంజను మార్చక్కర్లేదంటారా?

నిపుణుడు: అక్కర్లేదు. సీసం ఇంజనులోంచి తీసి పెట్టెల్లో పెట్టండి. రెండోది, చక్రాల చట్రం. మనం పెట్టెనే బోగీ అంటాం కాబట్టి గందరగోళం లేకుండా దీన్ని ట్రక్కు అంటాను. పెట్టె తిరగేసి వేలితో ట్రక్కుని తిప్పండి. ఒక కొస ట్రక్కు స్క్రూ పూర్తిగా బిగించి అర చుట్టు వదలండి, అది పక్కలకి తిరగాలే గానీ ఒరగకూడదు. రెండో కొసది ముప్పావు చుట్టు వదలండి, అది తిరగాలి, కాస్త ఊగాలి కూడా. రెండూ బిగుతుగా ఉంటే పట్టాలో చిన్న ఎత్తుపల్లానికి ఒక చక్రం గాలిలోకి లేస్తుంది. మూడోది, చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం వెర్నియర్ కాలిపర్‌తో చూడండి. 14.4 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉండాలి. 14 ఉంటే లైను మారే పాయింట్ల దగ్గర చక్రం పట్టా ఎక్కేస్తుంది.

కాలర్: మరి కిటికీ వైపు వంపు?

నిపుణుడు: ఒకే చోట ఏ పెట్టె అయినా పడితే తప్పు పట్టాది. ఏ చోటైనా ఒకే పెట్టె పడితే తప్పు పెట్టెది. మీకు రెండూ ఉన్నట్టున్నాయి. అక్కడ ఫ్లెక్స్ ట్రాక్ అతుకు ఉందా?

కాలర్: ఉంది సార్. వంపు మధ్యలోనే.

నిపుణుడు: విడివిడిగా వంచి తర్వాత కలిపారు కదా? ఫ్లెక్స్ ట్రాక్ కొస ఎప్పుడూ తిన్నగా అవ్వాలని చూస్తుంది, అతుకు దగ్గర మోకాలు మడిచినట్టు కోణం వస్తుంది. రెండు ముక్కలూ బల్ల మీద తిన్నగా పెట్టి, పట్టాల్ని కలిపే జాయినర్ వేసి, రెండు పట్టాలకీ బయటి వైపు టంకం వేసి, అప్పుడు వంచాలి. టంకం వేసేటప్పుడు పక్కన తడి గుడ్డ పెట్టండి, లేకపోతే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. ఇక 4 అడుగుల వెడల్పులో 571 మిల్లీమీటర్ల వంపు పడుతుంది, దానికి మార్చండి. పెట్టె మూల పట్టా మధ్య గీత నుంచి 28 మిల్లీమీటర్లు బయటికొస్తుంది, చెక్క అంచు 38 దూరంలో ఉంటుంది. కాబట్టి అంచుకి అక్రిలిక్ పట్టీ కొట్టండి, పడితే నేల మీద పడకుండా. ముందు పట్టా, తర్వాతే బండి, ఇది రాసి గోడకి అంటించండి.

కాలర్: సార్, ఇంకొక్కటి. అరకు లైనులాగ ఎత్తెక్కించి, కింద లైను మీదుగా దాటిద్దామని. బొర్రా గుహల వైపు కొండ కట్టడానికి థర్మోకోల్ కూడా తెచ్చాను. ఈ ఇంజను లాగుద్దా? లేపోతే ఇంజనే మార్చాలా?

నిపుణుడు: (నవ్వుతూ) మళ్లీ ఇంజనే! వినండి. 50కి 1 ఎత్తు, అంటే మీటరుకి 2 సెంటీమీటర్లు. కింద బండి, దాని పైన చెక్క మందం కలిపి 8 సెంటీమీటర్లు కావాలి. 4 మీటర్లు ఎక్కడానికి, 4 దిగడానికి. బండి పైన కరెంటు తీగలు పెడితే ఇంకా ఎక్కువ. మీ చుట్టు మొత్తం దాదాపు ఆరు మీటర్లే. పైగా వంపులోనే ఎక్కితే రాపిడి కలిసి 2 శాతం కాస్తా 3.4 శాతంలా పనిచేస్తుంది. ఎనిమిది పెట్టెలు ఎక్కవు. బండిని ఎక్కించకండి. లైను సమంగానే ఉంచి నేలని దించండి. పక్కన లోయ చెయ్యండి, కొండకి సొరంగం పెట్టండి, దాని లోపలికి చెయ్యి పట్టేలా వెనక తలుపు పెట్టండి. చూసేవాళ్లకి అరకే కనబడుతుంది.

కాలర్: సరే సార్. ముందు కాటా మీద తూస్తాను.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. పెదవాల్తేరు నుంచి కాలర్.

కాలర్ (పెదవాల్తేరు): నమస్కారం సార్. మాది బీచ్‌కి దగ్గర. వారం నడపకపోతే బండి ఆగి ఆగి వెళ్తోంది, లోపల లైట్లు మిణుకుతున్నాయి. ఉప్పుకాగితంతో రుద్దితే రెండు రోజులు బాగుంటోంది.

నిపుణుడు: ఉప్పుకాగితం పెట్టకండి! ఆ గీతల్లోకే మళ్లీ మురికి చేరుతుంది, నిప్పురవ్వలు ఎక్కువవుతాయి, ఇంకా నల్లబడుతుంది. మీది స్టీలు పట్టానా, నికెల్ సిల్వరా? అయస్కాంతం పెట్టి చూడండి.

కాలర్: అంటుకుంటోంది సార్.

నిపుణుడు: అయితే స్టీలు. మన ఉప్పుగాలికి అది నిలవదు. నికెల్ సిల్వర్‌కి మారండి. పేరులో వెండి ఉంది గానీ అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, తుప్పు పట్టదు. శుభ్రానికి 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డ. కరెంటు ఆపి, కిటికీ తీసి తుడవండి, అంటుకునే సరుకు అది. ఇంజను చక్రాలకి, తడిపిన గుడ్డ పట్టాల మీద పరిచి, ఒక ట్రక్కు గుడ్డ మీద, రెండోది పట్టా మీద పెట్టి, చేత్తో పట్టుకుని సగం వేగంతో పది సెకన్లు తిప్పండి. తర్వాత మార్చండి. పెట్టెలకి ప్లాస్టిక్ చక్రాలుంటే లోహపువి వేయండి. కొబ్బరి నూనె మాత్రం గేర్లలో వేయకండి, జిగురవుతుంది. ప్లాస్టిక్‌ని పాడుచేయని పల్చటి నూనె సూది మొనతో ఒక్క చుక్క.

వ్యాఖ్యాత: గాజువాక నుంచి. క్లుప్తంగా అడగండి.

కాలర్ (గాజువాక): నడపను సార్, సేకరిస్తాను. ఒక పాత ఇంజను అడుగు భాగం ఉబ్బి పగుళ్లిచ్చింది. అంటించొచ్చా?

నిపుణుడు: అంటించినా ఆగదు. పోత పోసేటప్పుడు జింకులో సీసం లాంటివి కలిస్తే లోపల నుంచే తినేస్తుంది, తేమ తోడైతే తొందరగా. వెంటనే పైతొడుగు విప్పి దాచండి, ఉబ్బిన చట్రం దాన్ని కూడా చీలుస్తుంది. ఇంజన్లు దాచే పాత అట్టపెట్టెల్లో స్పాంజి ఉంటే తీసేయండి, తేమకి కరిగి రంగుకి అంటుకుంటుంది. ఆమ్లం లేని టిష్యూ కాగితంలో చుట్టి, రంగు మారే సిలికా జెల్ వేసి మూత పెట్టండి. జెల్ రంగు మారితే ఆరబెట్టి మళ్లీ వేయాలి.

వ్యాఖ్యాత: రెండు నిమిషాలే ఉంది. విజయనగరం నుంచి.

కాలర్ (విజయనగరం): సార్, హౌరా-చెన్నై బండి విశాఖలో ఇంజను మార్చుకుని వెనక్కి తిరిగినట్టు చేయాలి. మామూలు 12 వోల్టుల కంట్రోలర్.

నిపుణుడు: స్టేషన్ లైను రెండు కొసల్లోనూ రెండు పట్టాల్లో ఒకదాన్ని కోసి, ప్లాస్టిక్ జాయినర్ వేసి, ఆ ముక్కకి విడి స్విచ్ పెట్టండి. డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను హెచ్‌ఓలో 24 సెంటీమీటర్లు, కాబట్టి ముక్క 30 ఉంచండి. వచ్చిన ఇంజను ఒక కొసన ఆగుతుంది, స్విచ్ ఆపితే అక్కడే ఉండిపోతుంది. రెండో కొసన కొత్త ఇంజను తగులుకుని లాగుతుంది. విడదీయడానికి పట్టాల మధ్య అయస్కాంతం, దానికి తగ్గ, మడిచిన వేళ్లలా పట్టుకునే నకిల్ కప్లింగులు...

కాలర్: పాత ఇంజను బయటికి ఎలా సార్?

నిపుణుడు: బండి వెళ్లాక స్విచ్ వేసి...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది, క్షమించండి. మిగతాది వచ్చే వారం మీ కాల్‌తోనే మొదలుపెడదాం. నమస్కారం.