ఆర్‌వీజీనా, ఫిల్మా? వర్కింగ్ లెంగ్త్ లెక్క

నమస్కారమండీ, బెజవాడ నుంచి. రూట్ కెనాల్ చేసేటప్పుడు ఫైలు, అంటే సూదిలాంటి పనిముట్టు, పన్నులో ఎంత లోతుకి దింపాలన్నదే వర్కింగ్ లెంగ్త్. దాన్ని ఆర్‌వీజీతోనూ, అంటే సెన్సారుతో తీసే డిజిటల్ ఎక్స్‌రేతోనూ, మామూలు ఫిల్ముతోనూ కొలిచి చూద్దాం. ఇది పీకిన పన్ను, కింది మోలారు, మైనంలో బిగించాను. పోల్చి చూపించడానికని పేషెంటుకి రెండేసి ఎక్స్‌రేలు తియ్యలేం కదా. యాక్సెస్, అంటే పైనుంచి దారి తెరవడం, అయిపోయింది, కెనాల్స్, అంటే వేళ్ళలోని సన్న కాలువలు, దొరికాయి, అదంతా మీకు తెలిసిందే.

15 నంబర్ కె ఫైలు, లోతు గుర్తుకి పెట్టే రబ్బరు స్టాపరు 20 మిల్లీమీటర్ల దగ్గర. 8, 10 నంబర్లు వద్దండీ, మరీ సన్నం, వాటి మొన ఎందులోనూ సరిగ్గా కంటికి ఆనదు. రెండో మీసియల్ కెనాల్లో, అంటే ముందువైపు వేరులోని రెండోదాంట్లో, వేరే ఆకారముండే హెచ్ ఫైలు పెట్టా. ట్యూబు కాస్త పక్కకి జరిపి తీస్తే ఏది ఏదో ఇట్టే తెలిసిపోతుంది.

ముందు ఫిల్ము. డెవలపరు, కడగడం, ఫిక్సరు... అయింది. ప్యాకెట్ మీద టైము 20 డిగ్రీలకి రాస్తారు. రోహిణి కార్తెలో మన ఊళ్ళో 20 డిగ్రీలా! వేడెక్కితే ఫిల్ము మసకేస్తుంది. డెవలపరు గిన్నెని చన్నీళ్ళ ట్రేలో పెట్టండి.

ఇప్పుడు ఆర్‌వీజీ. వచ్చేసింది, అంతే. రేడియేషనూ తక్కువే. సెన్సారు మందంగా ఉంటుంది, నాలిక కింద గుచ్చుకుంటుంది, అదొక్కటే గోల.

ఇక్కడ ఆగండి. ఫైలు పొడవునా గీత గీస్తున్నా... 23.1. ఫైలు పెట్టింది 20కి కదా, మరి ఈ మూడు ఎక్కణ్ణుంచి వచ్చింది? నీడ పెద్దదైంది, ఆ సంగతి సాఫ్ట్‌వేరుకి తెలీదు. అందుకే ముందు కాలిబ్రేషన్, అంటే ఫైలు అసలు పొడవెంతో సాఫ్ట్‌వేరుకి చెప్పడం. రబ్బరు స్టాపరు ఎక్స్‌రేలో సరిగ్గా కనబడదు, కాబట్టి అది ఆనుకున్న కస్పు, అంటే పన్ను మీది మిట్ట, కొన నుంచి మొదలెట్టండి. ఒకే గీత కాదు, వంపు ఉన్నచోటల్లా ఒక క్లిక్కు. ఇలా, ఇలా... ఫైలు మొన. 20 కొట్టి ఎంటర్. చాలామంది ఇది వదిలేసి, ఆర్‌వీజీ తప్పు చూపిస్తోందంటారు. షార్పెన్ ఫిల్టరు కూడా ఆపెయ్యండి, నేనైతే ఇన్‌వర్ట్ చేసి, నలుపూ తెలుపూ తిరగేసి చూస్తా.

ఇప్పుడు మొన నుంచి రూటు చివరికి... 1.4.

ఫిల్ముదీ ఇదే లెక్క. స్కేలు పెడితే ఫైలు 22, మిగిలింది ఒకటిన్నర. ఒకటిన్నర ఇంటూ 20 బై 22, దాదాపు 1.4. చూశారా, రెండూ ఒకటే! నాకు ఆర్‌వీజీ ఇష్టం, త్వరగా అవుతుందని, అంతేగానీ కొలత ఎక్కువ నిజమని కాదు.

20కి 1.4 కలిపితే 21.4. రూటు చివరికి కాస్త ముందే ఆగాలి కాబట్టి ఒకటి తీసేస్తే 20.4, అక్కడ ఆపాలి.

పన్ను బయటికి తీసి ఫైలు కొంచెం కొంచెం తోస్తున్నా, కెమెరా దగ్గరికి... అదిగో మొన, సరిగ్గా 21కి. చివర్లోంచి కాదు, పక్కనుంచి వచ్చింది చూడండి. ఎక్స్‌రేలో ఈ రంధ్రం రెండిట్లోనూ కనబడలేదు.