సరస్సు అడుగున ఒక ఊరు: జపాన్‌లోని ఓగాతాకి వెళ్దాం

[దృశ్యం: చదునైన పొలాల మధ్య చిన్న గడ్డి దిబ్బ. దాని మీదికి ఎక్కుతున్న ఇద్దరు పిల్లలు.]

వాయిస్: ఈ దిబ్బ పేరు ఓగాతా ఫుజి. ఎత్తు 3.776 మీటర్లు. అసలు ఫుజి పర్వతం 3,776 మీటర్లు కాబట్టి ఇది సరిగ్గా అందులో వెయ్యో వంతు. సరదా కోసం కట్టిందే, కానీ ఒక గట్టి విషయం చెబుతుంది. దీని శిఖరం మీద నిలబడితే మనం సరిగ్గా సముద్ర మట్టం దగ్గర ఉంటాం. చుట్టూ కనిపిస్తున్న వరి చేలన్నీ సముద్రం కంటే దిగువన ఉన్నాయి.

[దృశ్యం: మ్యాప్. జపాన్ ఉత్తర భాగం, అకితా ప్రాంతం, ఓగా ద్వీపకల్పం.]

వాయిస్: నమస్తే అండీ. ఇవాళ మనం చూడబోయేది ఓగాతా గ్రామం. డెబ్బై ఏళ్ల కిందట ఇక్కడ ఊరు లేదు, నేల కూడా లేదు. హచిరోగాతా అనే సరస్సు ఉండేది. విస్తీర్ణం 220 చదరపు కిలోమీటర్లు. జపాన్‌లో దీనికంటే పెద్ద సరస్సు బివా ఒక్కటే. అంత పెద్దదైనా లోతు మాత్రం ఎక్కడా ఐదు మీటర్లు దాటేది కాదు. ఏటి నీళ్లు, సముద్రపు ఉప్పు నీళ్లు అందులో కలిసేవి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గాలివాటుకి తెరచాప పడవలతో వల లాగేవారు. చలికాలంలో గడ్డకట్టిన మంచుకి రంధ్రాలు చేసి చేపలు పట్టేవారు.

ఈ సరస్సుకి ఒక కథ కూడా ఉంది. హచిరోతారో అనే కుర్రవాడు తోటివాళ్ల వంతు చేపలు కూడా తానే తినేసి, దాహం ఆగక నీళ్లు తాగీ తాగీ డ్రాగన్‌గా మారిపోయాడట. చివరికి ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడట. సరస్సు పోయినా కథ పోలేదు, ఈ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు.

[దృశ్యం: పాత నలుపు తెలుపు ఫొటోలు. డ్రెడ్జర్లు, గట్టు పనులు.]

వాయిస్: రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో తిండికి కటకట. బియ్యం ఎక్కువ పండించాలి, భూమి లేదు. సముద్రాన్ని వెనక్కి నెట్టి పొలాలు చేసుకోవడంలో నెదర్లాండ్స్‌కి ఉన్న అనుభవం అందరికీ తెలిసిందే. అక్కడి డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్ పీటర్ యాన్సెన్ 1954లో వచ్చి సరస్సుని పరిశీలించారు. పని 1957లో మొదలైంది.

అడుగున ఉన్నదంతా మెత్తటి బురద. దాని మీద గట్టు వేస్తే కూరుకుపోతుంది. అందుకని గట్టు వచ్చే చోట బురదని తవ్వి తీసేసి, ఇసుక నింపి, ఆ ఇసుక మీద కట్టారు. సరస్సు మధ్య భాగాన్ని చుట్టేస్తూ 50 కిలోమీటర్లకి పైగా గట్టు. తర్వాత పంపులతో లోపలి నీళ్లన్నీ బయటికి తోడేశారు. నేల ఇంకా పూర్తిగా ఆరకముందే, 1964 అక్టోబర్ 1న, ఓగాతా గ్రామం కాగితం మీద పుట్టింది.

[దృశ్యం: గట్టు మీద నుంచి షాట్. ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క చేలు. కెమెరా మెల్లగా తిరుగుతుంది.]

వాయిస్: ఇక్కడ వీడియో ఒక్కసారి ఆపి చూడండి. ఎడమ పక్క మిగిలిన సరస్సు, కుడి పక్క పొలం. నీళ్లు పైన, పొలం కింద! ఊరంతా ఈ తేడా మీదే బతుకుతోంది.

వ్యవసాయానికి నీళ్లు కావాలంటే గట్టులోంచి వదిలితే చాలు, పల్లానికి వాటంతట అవే పారతాయి. కష్టమంతా వాడిన నీళ్లతోనే. చేల నుంచి దిగిన నీళ్లు, వాన నీళ్లు, కరిగిన మంచు అన్నీ మురుగు కాలువలో చేరతాయి. వాటిని పంపింగ్ స్టేషన్లు ఎత్తి మళ్లీ సరస్సులో పోస్తాయి. పంపులు ఆగిపోతే ఈ నేల మెల్లగా మళ్లీ సరస్సు అయిపోతుంది. 1983 మే 26న పెద్ద భూకంపం వచ్చినప్పుడు గట్లు బాగా దెబ్బతిన్నాయి. ఆ రోజు ఇక్కడివాళ్లకి ఎంత టెన్షన్ పట్టుకుని ఉంటుందో ఊహించుకోండి.

[దృశ్యం: విశాలమైన పొలాలు, సూటిగా సాగిపోయే రోడ్డు, ట్రాక్టర్.]

వాయిస్: ఈ పొలాలకి రైతులు జపాన్ నలుమూలల నుంచీ వచ్చారు. పరీక్ష పెట్టి ఎంపిక చేశారు, దాదాపు ఏడాది శిక్షణ ఇచ్చారు. మొదటి జట్టు 1967లో వచ్చింది. మొత్తం 589 కుటుంబాలు. అప్పట్లో జపాన్‌లో సగటు రైతుకి ఉన్నది రెండున్నర ఎకరాలు. ఇక్కడ మొదట వచ్చినవాళ్లకి పది హెక్టార్ల దాకా, అంటే పాతిక ఎకరాలు. చాలామంది సొంతూళ్లో ఉన్నది అమ్ముకుని వచ్చారు. తొలి ఏళ్లలో ట్రాక్టర్లు బురదలో దిగబడిపోయేవి. అయినా పట్టువదల్లేదు.

సరిగ్గా అప్పుడే కథ అడ్డం తిరిగింది. దేశంలో బియ్యం మిగిలిపోవడం మొదలైంది. 1970లో ప్రభుత్వం వరి విస్తీర్ణం తగ్గించమంది. వరి కోసం సరస్సునే ఎండబెట్టి, వరి కోసమే మనుషుల్ని పిలిపించి, ఇప్పుడు వరి వేయొద్దంటే ఏ రైతు ఊరుకుంటాడు? తర్వాత ఒక్కో కుటుంబానికి భూమిని 15 హెక్టార్లకి పెంచారు, కానీ అందులో కొంత భాగంలోనే వరి వేయాలన్నారు. హద్దు దాటి నాటినవాళ్లని పచ్చి పైరు కోసేయమన్నారు. పాలు పోసుకునే దశలో ఉన్న చేను మీద కొడవలి పెట్టడం అంటే ఏమిటో వరి పండించే ఇళ్లలో పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఊరు రెండుగా చీలింది. కొందరు ప్రభుత్వ మాట విన్నారు. కొందరు మా భూమి, మా పంట అని నేరుగా అమ్ముకున్నారు. వాళ్ల బియ్యాన్ని దొంగ బియ్యం అన్నారు. 1980ల్లో ఆ బియ్యం ఊరు దాటకుండా రోడ్ల మీద తనిఖీలు పెట్టారు. ఒకే వీధిలో ఉండేవాళ్ల మధ్య మాటల్లేని రోజులవి. ప్రభుత్వం రైతులకి వరి కోటాలు పంచే పద్ధతి 2018లో గానీ ఆగలేదు. నా ఉద్దేశంలో తప్పు రైతులది కాదు. పథకం వేసినవాళ్లు మారిన లెక్కని రైతుల నెత్తిన పెట్టారు.

[దృశ్యం: సముద్రం వైపు గేట్లు. తర్వాత ఆకుపచ్చ తెట్టు కట్టిన నీళ్లు.]

వాయిస్: నష్టపోయింది రైతులొక్కరే కాదు. ఉప్పు నీళ్లు లోపలికి రాకుండా సముద్రం దారిలో గేట్లు పెట్టడంతో మిగిలిన సరస్సు మంచినీటిదైపోయింది. ఉప్పునీటి వాసన ఉంటేనే బతికే షిజిమి ఆల్చిప్పలు తగ్గిపోయాయి. 1987లో తుఫానుకి సముద్రపు నీళ్లు లోపలికి రాగానే ఆ తర్వాత కొన్నేళ్లు షిజిమి విపరీతంగా దొరికాయి. మళ్లీ పోయాయి. పొలాల ఎరువులు కలిసిన నీళ్లే తిరిగి తిరిగి సరస్సులో చేరడం వల్ల వేసవిలో నాచు తెట్టెలు కడుతోంది. మత్స్యకారులకి పరిహారం ఇచ్చారన్నది నిజమే. పరిహారంతో వృత్తి తిరిగి రాదు.

[దృశ్యం: పసుపు ఆవపూలు, వాటి పైన చెర్రీ పూలు.]

వాయిస్: వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. టోక్యో నుంచి అకితాకి బుల్లెట్ ట్రైన్‌లో దాదాపు నాలుగు గంటలు. అక్కడ కారు అద్దెకి తీసుకోండి, ఊరు చాలా పెద్దది, నడిచి చూడలేం. ఏప్రిల్ చివర, మే మొదట్లో 11 కిలోమీటర్ల రోడ్డు పొడవునా చెర్రీ, ఆవపూలు కలిసి పూస్తాయి. అందరూ అప్పుడే వస్తారు. మార్చిలో వస్తే ఉత్తరానికి తిరిగి వెళ్లే అడవి బాతులు గుంపులు గుంపులుగా చేలల్లో దిగి ఉంటాయి, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 140 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసే చోటు కూడా ఈ పొలాల్లోనే ఉంది, గుర్తుగా స్తంభం పెట్టారు.

ముందుగా ఊళ్లోని పోల్డర్ మ్యూజియంకి వెళ్లండి. పోల్డర్ అంటే ఇలా గట్టు కట్టి, నీళ్లు తోడేసి చేసుకున్న నేల. గట్టు ఎలా కట్టారో, మొదటి కుటుంబాలు ఎలా బతికాయో అక్కడ తెలుస్తుంది. అది చూసి, తర్వాత గట్టు మీదికి వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ పండిన అకితా కొమాచి బియ్యం ఒక సంచీ కొనుక్కోండి.