ఐదు లక్షలంటే ఎన్ని మెట్లు?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మన గ్రంథపాలకురాలికి, చోటు చాలక గుమ్మం దగ్గర నిలబడిన పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభ గనుక పుస్తక పఠనం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. దాని గురించి చెప్పవలసినదంతా ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను పెన్న గురించి మాట్లాడతాను, అధ్యక్షులవారు మన్నించాలి. ఏటా నవంబరు 14న మొదలయ్యే ఈ వారోత్సవాలు 20న ముగుస్తాయి. 2021లో మన ఊళ్లో ముగింపు సభ జరగలేదు. ఆ రాత్రి ఈ గదిలోకి పెన్న వచ్చింది.

నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ నది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకలో సన్నటి పాయగా కనిపిస్తుంది. అందుకే మనకు దానంటే భయం పోయింది. ఏటి కడుపులో ఇళ్లు కట్టుకున్నాం, రొయ్యల గుంటలు తవ్వుకున్నాం, ఇసుక తోడుకున్నాం. కానీ మన నెల్లూరు జిల్లాకు అసలు వానకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ ఏడు కార్తీక పౌర్ణమి నాటి వాయుగుండానికి శేషాచలం కొండల నీళ్లన్నీ ఒక్కసారిగా చెయ్యేటిలోకి దిగాయి. నవంబరు 19న ఆ ఏటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు పులపత్తూరు, మందపల్లి గ్రామాలవారు పడిన కష్టం ముందు మనది చెప్పుకోదగినది కాదు. ఆ చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, ఆ పెన్న సోమశిల జలాశయానికి వస్తుంది. 78 టీఎంసీలు పట్టే సోమశిల అప్పటికే నిండుకుండలా ఉంది; ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. రబీకి నీళ్లు కావాలి, నింపి ఉంచండి అని ఏటా అర్జీలు పెట్టేది మనమే కాబట్టి, ఆ నిండుకుండను తప్పుపట్టే నోరు నాకు లేదు.

దిగువకు ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. ఈ అంకె దగ్గర కొంచెం ఆగుతాను. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, మన లెక్కలో సుమారు రెండు బిందెలు. ఐదు లక్షల క్యూసెక్కులంటే కన్ను మూసి తెరిచేలోగా పది లక్షల బిందెలు. ఆ ఉద్ధృతి ఒక రోజంతా ఉంటే 43 టీఎంసీలు, అంటే ఖాళీ సోమశిల రెండు రోజులు తిరగకుండా నిండిపోతుంది. ఈ లెక్క ఇప్పుడు ఇంత తేలికగా చెబుతున్నాను గదా, ఆ సాయంత్రం చెప్పలేకపోయాను. ఇన్నేళ్లుగా నన్ను తొలుస్తున్నది అదే.

ఆ శనివారం సాయంత్రం ఫోన్లలో, మైకులో ఒకటే మాట: ఐదు లక్షలు వస్తున్నాయి, లోతట్టు ప్రాంతాలవారు అప్రమత్తంగా ఉండాలి. మా ఎదురింటి ముసలమ్మ గేదెకు గడ్డి వేస్తూ నన్ను అడిగింది: "అయ్యోరా, ఐదు లక్షలంటే మన రామాలయం మెట్లు ఎన్ని మునుగుతాయి?" ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పినవాడిని. నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోకుండా, "పొర్లుకట్ట ఉంది గదమ్మా, మన దాకా రాదులే" అన్నాను. ఆమె నా మాట నమ్మి గేదెను గుంజకు కట్టేసి పడుకుంది. అర్ధరాత్రి దాటాక ఊరికి ఎగువన పొర్లుకట్టకు గండి పడింది. కుర్రాళ్లు ఆమెను మంచంతో సహా మా మిద్దె మీదికి ఎక్కించారు. గేదె గురించి ఎవరికీ తోచలేదు. మిద్దె మీద కూర్చుని అందరమూ దాని అరుపు విన్నాము, తరువాత వినబడలేదు. తెల్లవారాక చూస్తే పలుపు తెగలేదు, ముడి కూడా జారలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మిగతావి మీకు తెలిసినవే. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి, జాతీయ రహదారి తెగింది, నారుమళ్లు పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది.

ఆ మరుసటి వారం నేను బడి గోడ మీద బురద చార వెంబడి ఎర్ర రంగుతో గీత గీసి, తేదీ వేశాను. ఇంకో ముసలమ్మ ఇంకో అయ్యవారిని అడిగితే ఆ గీత చూపించవచ్చునని నా ఆశ. రెండేళ్లు తిరక్కుండా బడికి కొత్త రంగులు వేశారు. గీత పోయింది. ఎందుకు చెరిపారని అడిగితే, గోడ అసహ్యంగా ఉందని జవాబు వచ్చింది. ఇప్పుడు అక్కడ నెమలి బొమ్మ ఉంది, బొమ్మ బాగానే ఉంది.

పిల్లలూ, మీలో ఆ రాత్రి గుర్తున్నవారు చేతులెత్తండి. చూశారా అధ్యక్షా, నాలుగైదు చేతులు. ఇంకొన్నాళ్లకు అవి కూడా ఉండవు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. సోమశిల గేట్లు ఎత్తినప్పుడు క్యూసెక్కులతో పాటు, ఆ నీరు సంగానికి ఎన్ని గంటలకు, నెల్లూరుకు ఎన్ని గంటలకు, మన రేవుకు ఎన్ని గంటలకు చేరుతుందో, ఏ మెట్టు దాకా వస్తుందో చెప్పమంటున్నాను. 2022లో సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభించారు, సంతోషం. బ్యారేజీ నీటిని మళ్లిస్తుంది గాని అంత వరదను దాచుకోలేదు. కట్ట నిలిస్తే వచ్చే ఎత్తు వేరు, తెగితే వచ్చే ఎత్తు వేరు అని ఇంజనీర్లు అంటారు. నిజమే, ఆ రెండూ చెప్పండి. గంటలు చెప్పవలసినది వారు, మెట్లు గుర్తుపెట్టుకోవలసినది మనం.

ఇక పుస్తకాల సంగతికి వస్తున్నాను. ఆ రాత్రి కింది అరలోని పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. రెండో అరలో నిలువుగా పెట్టిన అరువిచ్చిన పుస్తకాల రిజిస్టరు మాత్రం సగం తడిసి ఆగింది. గ్రంథపాలకురాలు దాన్ని పారవేయక ఎండబెట్టి దాచారు. ఇదిగో, అట్ట మీద బురద చార అడుగు నుంచి ఏడు అంగుళాల ఎత్తున స్పష్టంగా ఉంది. ఇనుప బీరువా అదే, అర అదే, గోడ పక్కన చోటు అదే. వరద తరువాత వేసిన టైల్సు వల్ల నేల పెరిగిన రెండు అంగుళాలు తీసివేస్తే, ఆ రాత్రి నీటి మట్టం మనకు మళ్లీ దొరుకుతుంది.

తాపీ మేస్త్రీని అడిగి మట్టం చూసే నీళ్ల పైపు తెచ్చాను, బయట రంగు డబ్బా కూడా ఉంది. సభ అయ్యాక ఇక్కడి నుంచి రామాలయం దాకా, అక్కడి నుంచి కాలనీ దాకా మట్టం పట్టుకుంటూ పోదాము. పైపు రెండో కొస పట్టుకోవడానికి ఇద్దరు పిల్లలు కావాలి. కాస్త పొడుగువాళ్లు రండి.